పొలాన్ని తూర్పారబట్టే గాలి

అనంతపురం జిల్లా రాయదుర్గంలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "సార్, మా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బలు ఉన్నాయి కదా. రాజస్థాన్ ఎడారి పాకుతూ ఇక్కడిదాకా వస్తోందంటారు, నిజమేనా?"

నిజం కాదు. థార్ ఎడారికీ మనకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. దారిలో నర్మద, తపతి, గోదావరి, కృష్ణ ఉన్నాయి. రేణువు రేణువుగా దొర్లే ఇసుక వాటిని దాటి రాలేదు. దర్గాహొన్నూరు, గోవిందవాడ పొలాల పక్కన కనిపించే ఇసుక పూర్తిగా ఇక్కడిదే. వేదవతి నది తెచ్చింది, గాలి ఎత్తి పోసింది. అయితే ఆ అమ్మాయి భయం మాత్రం ఉత్తది కాదు. మొలక దశలో ఉన్న వేరుశనగ మీద రాత్రికి రాత్రే ఇసుక మేట వేస్తే మళ్లీ విత్తనం కొనాల్సింది వాళ్ల నాన్నే.

ముందు ఒక మాట సరిచేయాలి. "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది అనంతపురంలోనే" అని బడి పిల్లల దగ్గర నుంచి మంత్రుల దాకా అందరూ చెబుతారు. మన జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. బార్మేర్, బికనీర్, కచ్, లేహ్ అన్నీ ఇంతకంటే తక్కువ వానతో బతికేవే. లేహ్‌లో 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది, అంతే. మన కష్టం పెద్దదే, దాన్ని చెప్పుకోవడానికి తప్పుడు లెక్క అక్కర్లేదు. అసలు ఎడారా కాదా అన్నది వాన ఒక్కదానితో తేలదు. పడిన వాన ఎంత, ఎండకూ గాలికీ ఆవిరి కాగలిగిన నీరు ఎంత, ఈ రెండిటి నిష్పత్తి చూస్తారు. అది 0.2 కంటే తగ్గితే శుష్క ప్రాంతం, 0.2 నుంచి 0.5 మధ్య ఉంటే అర్ధశుష్క ప్రాంతం. మన దగ్గర ఆవిరి కాగల నీరు పడే వానకు మూడు రెట్లకు పైనే. వాన తక్కువైన ఏడాది మనం ఆ 0.2 గీత దగ్గరికి జారిపోతాం. దేశాన్ని వ్యవసాయ పర్యావరణ మండలాలుగా విభజించిన పటంలో బళ్లారి, అనంతపురం ప్రాంతాన్ని దక్కన్‌లోని వేడి శుష్క మండలంగానే చూపించారు.

వాన ఎందుకు తక్కువో అందరికీ తెలిసిందే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలా వరకు కురిసేస్తాయి, ఈశాన్య మేఘాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. కానీ కనుమల దగ్గర ఆగిపోయేది తేమ మాత్రమే. గాలి ఆగదు. పొడిబారిన ఆ గాలి జూన్ నుంచి ఆగస్టు దాకా పీఠభూమి మీదుగా ఉరుకుతుంది. మనం ఆషాఢ గాలి అనేది దీన్నే. ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు మిట్టల మీద అన్ని గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకునే. కరెంటు పుట్టించే గాలీ ఇసుకను నడిపించే గాలీ ఒకటే.

ఇక ఇసుక సంగతి. వేదవతి చిక్కమగళూరు జిల్లా బాబాబుడన్ కొండల్లో పుట్టి, చిత్రదుర్గం మీదుగా మన జిల్లాలోకి వచ్చి, మళ్లీ బళ్లారి వైపు వెళ్లి తుంగభద్రలో కలుస్తుంది. బళ్లారి వైపు దాని పేరు హగరి. దారి పొడవునా గ్రానైటు, నైస్ (చారల రాయి) రాళ్లు అరిగి క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువులు నదిలో పడతాయి. హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం 1907 నాటిది. దిగువన మన జిల్లాలో భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఈ రెండూ దాటి నీళ్లు దిగువకు వచ్చే సంవత్సరాలు తక్కువ. మిగతా కాలమంతా నది ఎండిన ఇసుక మైదానమే. తడి ఇసుకను గాలి కదిలించలేదు. రేణువుల మధ్య పట్టే ఒకటి రెండు శాతం నీరే జిగురులా పనిచేస్తుంది. ఆ జిగురు ఆవిరైన రోజు నుంచి నది మొత్తం గాలి సొత్తు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన విషయానికి వస్తాను. గాలి ఇసుకను ఎలా మోస్తుంది? దుమ్ములాగా ఎత్తుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆషాఢంలో దిబ్బ మీద నిలబడి చూడండి. చీలమండల దగ్గర సూదులు గుచ్చినట్టు ఉంటుంది, మొహానికి మాత్రం పెద్దగా ఏమీ తగలదు. ఇసుక నేలను అంటిపెట్టుకుని గెంతుతూ పోతుంది. ఎక్కువ రేణువులు మోకాలి ఎత్తు కూడా దాటవు.

దీన్ని లెక్కలతో సహా తేల్చిన మనిషి రాల్ఫ్ బాగ్నోల్డ్. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. 1920లు, 30లలో ఈజిప్టు, లిబియా, సూడాన్ సరిహద్దులు కలిసే ఎడారిలో ఫోర్డు కార్లు వేసుకుని తిరిగాడు. తర్వాత ఇంగ్లండు వెళ్లి గాలి సొరంగం కట్టి అందులో ఇసుక పోసి కొలిచాడు. అతను చూపించింది ఇది. క్వార్టర్ మిల్లీమీటరు రేణువు కదలాలంటే మనిషి ఛాతీ ఎత్తులో గాలి గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. ఒక రేణువు లేచి, గాలి నుంచి వేగం పుంజుకుని, 10 నుంచి 15 డిగ్రీల కోణంలో కిందికి దిగి మిగతా రేణువులను గుద్దుతుంది. ఆ దెబ్బకు ఇంకొన్ని లేస్తాయి. ఒక్కసారి ఈ గొలుసు మొదలయ్యాక అంత గాలి కూడా అక్కర్లేదు, మొదలవడానికి కావాల్సిన వేగంలో 80 శాతం చాలు. అంటే మొదటి రేణువును గాలి లేపుతుంది, తర్వాతి రేణువులను ఎక్కువగా రేణువులే లేపుకుంటాయి. గెంతుతూ వచ్చే రేణువు తన వ్యాసానికి ఆరు రెట్లున్న రేణువును కూడా ముందుకు నెట్టగలదు. బరువులో అది రెండు వందల రెట్లకు పైమాట.

ఇందులో ఒక వింత ఉంది. ఇసుక కంటే సన్నటి ఒండ్రు మట్టి గాలికి ఇంకా సులభంగా లేవాలి కదా? లేవదు. సన్న రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పైగా నేలకు ఆనుకుని ఉండే పలచటి గాలి పొర దాదాపు కదలదు, అవి అందులో దాక్కుంటాయి. ఇసుక రేణువు వచ్చి గుద్దినప్పుడే ఆ పెళ్ల పగిలి దుమ్ము లేస్తుంది. అంటే ఇసుక చేరిన పొలంలోనే దుమ్ము ఎక్కువగా లేస్తుంది.

కళ్లంలో తూర్పారబట్టడం చూసినవాళ్లకు మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చేట ఎత్తి గాలి వాలులో గింజ వదిలితే గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు ఇంకాస్త అవతల, పొట్టు ఎక్కడో దూరంగా. గాలి నేలను కూడా అచ్చం ఇలాగే మూడు పాళ్లు చేస్తుంది. అర మిల్లీమీటరు కంటే పెద్ద రేణువులు లేవలేవు, దెబ్బలు తింటూ దొర్లుతాయి. 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్యవి గెంతుతాయి, దిబ్బ కట్టేవి ఇవే. 0.1 కంటే సన్నవి ఆకాశానికి లేచి వందల కిలోమీటర్లు పోగలవు. దిబ్బ ఇసుక గుప్పెడు తీసుకుని చూస్తే రేణువులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఎందుకుంటాయంటే గాలి అప్పటికే జల్లించి పెట్టింది కాబట్టి. దిబ్బ మీది అలల గీతలను దగ్గరగా చూస్తే కొన్నిచోట్ల నల్లటి చారలు కనిపిస్తాయి. కాగితంలో చుట్టిన అయస్కాంతం అక్కడ ఆనిస్తే నల్ల రేణువులు అంటుకొస్తాయి. అవి ఇనుప ఖనిజాలు. క్వార్ట్జ్ కంటే బరువు గనుక గాలి వాటిని వెనక వదిలేసింది. భూగోళం చెప్పే టీచర్లు ఈ ఒక్క పని చేయిస్తే చాలు. ఎడారి అనగానే ఒంటె బొమ్మ గీసే పిల్లలకు తమ మండలంలోనే పాఠం దొరుకుతుంది.

కళ్లంలో తూర్పారబడితే బలమైన గింజ మనకు మిగిలి పొట్టు గాలికి పోతుంది. గాలి పొలాన్ని తూర్పారబడితే తలకిందులవుతుంది. నత్రజని, భాస్వరం, తేమ పట్టి ఉంచేది సన్నటి బంకమట్టీ ఒండ్రూనే. అవే దుమ్మై పోతాయి. రైతుకు మిగిలేది ముతక ఇసుక. అది నీళ్లను నిలుపుకోలేదు, త్వరగా ఎండిపోతుంది, ఎండిన కొద్దీ ఇంకా సులభంగా గాలికి చిక్కుతుంది. వచ్చే ఏడాది అదే కళ్లంలో మళ్లీ తూర్పార. దిబ్బ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అందరూ దిబ్బను చూసి భయపడతారు. నాకు మాత్రం దిబ్బ లేని ఎర్రనేలల్లో ఏటేటా కనిపించకుండా జరిగే ఈ తూర్పారే పెద్ద టెన్షన్.

ఇక్కడ వేరుశనగ గురించి చెప్పాలి. జొన్న కోస్తే కొయ్యకాళ్లు, వేళ్లు నేలలో ఉండిపోతాయి. జానెడు మోళ్లున్నా గాలి ఒత్తిడిని అవి పైనే ఆపుతాయి, నేల దాకా రానివ్వవు. వేరుశనగను మాత్రం వేళ్లతో సహా పీకుతారు, కట్టె కూడా పశువుల మేతకు ఇంటికి చేరుతుంది. నేల పూర్తిగా బోసిపోయి గుల్లబారి ఉంటుంది. మళ్లీ దుక్కి దున్నేది జూన్ వానలకు, సరిగ్గా గాలి ముదిరే రోజుల్లో. ఒకప్పుడు కొర్ర, జొన్న, కంది కలిపి వేసిన చేలు ఒకే పంటగా మారడంతో నేలకు ఆ ఆచ్ఛాదన పోయింది. రైతును తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. తక్కువ వానలో నాలుగు రూపాయలు చేతికొచ్చే పంట అదొక్కటే అయినప్పుడు ఎవరైనా అదే వేస్తారు.

చేను ఇసుక పాలైతే దిష్టి తగిలిందనీ, ఊరికి శాపమనీ, శనిదశ అనీ అనడం ఉంది. గుమ్మడికాయ కొట్టి మొక్కుకునేవాళ్లూ ఉన్నారు. ఈ మాటలంటే నాకు కోపం ఎందుకంటే, శాపం అనుకున్నవాడు గాలికి అడ్డంగా కంప కూడా వేయడు. హగరి ఇసుక పొలాల మీదికి రావడం బ్రిటిష్ కాలపు గెజిటీర్ల (జిల్లా వివరాలు రాసిన సర్కారు పుస్తకాల) నాటికే తెలిసిన సంగతి. కారణం తెలిసినదానికి శాంతి చేయించడం దేనికి?

అడ్డం ఎలా వేయాలో కూడా భౌతికశాస్త్రమే చెబుతుంది. గాలి వేగం రెట్టింపైతే కదిలే ఇసుక ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే ఇసుక ప్రవాహం వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. దీన్ని తిప్పి చదవండి: వేగాన్ని సగానికి తగ్గించగలిగితే ఇసుక ఎనిమిదో వంతుకు పడిపోవాలి, చాలాసార్లు అసలే ఆగిపోతుంది. కాబట్టి గాలిని పూర్తిగా ఆపాల్సిన పని లేదు. నిండు గోడ కడితే దాని వెనక సుడులు లేచి ఇసుకను తవ్వేస్తాయి. సగం సందులున్న కంప అడ్డు గోడ కంటే మేలు. చెట్ల వరుస తన ఎత్తుకు పది పదిహేను రెట్ల దూరం దాకా గాలిని నెమ్మదింపజేస్తుంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి పనిచేస్తున్న కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ, కాజ్రీ, రాజస్థాన్ దిబ్బల మీద చేసింది ఇదే. ముందు గాలికి అడ్డంగా ఎండుకంప వరుసలు పాతి, ఇసుక నిలకడగా ఉన్నాక వానల్లో గడ్డీ మొక్కలూ పెట్టడం. మన దగ్గర సర్కారు తుమ్మ తనంతట తానే ఈ పని చేస్తోంది, కానీ పక్క చేలలోకీ ఎగబాకుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోమని నేను చెప్పను. కానుగ, సరుగుడు, వాటి కింద గడ్డి మేలు. చెరువు మట్టి తోలుకోవడం అన్నిటికంటే మంచి పని. గాలి ఎత్తుకుపోయిన సన్నమట్టిని అది తిరిగి తెస్తుంది. మన పెద్దలు ఎండాకాలం బండ్లతో తోలింది ఊరికే కాదు.

సరిహద్దు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి రాయదుర్గం మన వైపు వచ్చింది, బళ్లారి మైసూరుకు పోయింది. నది పుట్టేది, దాని మొదటి ఆనకట్ట ఉండేది, చివరికి అది కలిసేది కర్ణాటకలో. మధ్య ముక్క మనది. చెట్ల వరుస ఎప్పుడూ గాలి వచ్చే వైపు ఉండాలి. పొలం ఒక రాష్ట్రంలో, వరుస నాటాల్సిన చోటు ఇంకో రాష్ట్రంలో ఉంటే రెండు అటవీ శాఖలు ఒకే పటం మీద పనిచేయాలి. నీళ్లదీ అదే కథ. 2022లో వాణీవిలాస సాగరం 1933 తర్వాత మొదటిసారి నిండి పొర్లింది, వేదవతికి వరద వచ్చింది. తడిసిన నదిలో ఇసుక లేవదు కాబట్టి అది మంచిదే. అదే వరద ఒడ్డున కొత్త ఇసుక మేటలు కూడా వేసి పోతుంది. అవి ఎండేలోపు గడ్డి పట్టాలి.

ఇక "ఆ దిబ్బ మా ఊరి మీదికి వస్తుందా?" అని ఆ అమ్మాయి చివర్లో అడిగినదానికి. దిబ్బ గాలికి ఎదురు వైపు వాలుగా పైకెక్కి, అవతలి వైపు 34 డిగ్రీల నిటారు వాలులో జారుతూ ముందుకు నడుస్తుంది. దాని నడక వేగం ఎత్తుకు విలోమం. మీటరు వెడల్పు మీదుగా ఏడాదికి 10 ఘనపు మీటర్ల ఇసుక దాటుతోందనుకుందాం. 2 మీటర్ల దిబ్బ ఏడాదికి 5 మీటర్లు నడుస్తుంది, 5 మీటర్ల దిబ్బ 2 మీటర్లే. కాబట్టి అందరూ ఫొటోలు తీసుకునే పెద్ద దిబ్బ కంటే గట్టు పక్కన నడుము ఎత్తున కొత్తగా లేచిన చిన్న మేటల మీద కన్నేసి ఉంచాలి. ఆషాఢం రాకముందే గట్టు మీద రెండు కొయ్యలు పాతి, దసరాకి మళ్లీ టేపు పట్టి కొలిస్తే మీ ఊరి లెక్క మీకే తెలుస్తుంది.