మాటలను కూడటం ఎలా? గుణాత్మక పరిశోధనల సమీక్ష వెనక దశాబ్దాల తగువు

టీబీ మాత్రల దగ్గర మొదలుపెడితే ఈ కథ సులువుగా అందుతుంది. 1997లో మన దేశంలో సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం వచ్చినప్పుడు దానికి వెన్నెముక డాట్స్ పద్ధతి. వారానికి మూడు రోజులు రోగి రావాలి, కార్యకర్త కళ్లెదుటే మాత్రలు మింగాలి. మన ఊళ్లలో టీబీ మందులకు ‘డాట్స్ మందులు’ అన్న పేరే నిలిచిపోయింది. దీని వెనక ఉన్న ఊహ తెలిసిందే: రోగి మర్చిపోతాడు, లేదా నాలుగు రోజులు బాగుండగానే మానేస్తాడు, కాబట్టి దగ్గరుండి మింగించాలి.

ఎదుట మింగినవాళ్లకూ, మందులు ఇంటికి తీసుకెళ్లినవాళ్లకూ ఫలితంలో తేడా ఎంత? ఈ ప్రశ్న మీద, రోగులను చీట్లు తీసినట్టు గుంపులుగా విడదీసి జరిపిన రాండమైజ్డ్ ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ అనే సంస్థ సమీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎందుకు కనబడలేదో ఆ లెక్కలు చెప్పలేదు. అది చెప్పడం వాటి పని కూడా కాదు.

ఆ సమీక్ష రాసినవారిలో ఒకరు దక్షిణాఫ్రికా పరిశోధకుడు జిమ్మీ వోల్మింక్. 2007లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన మరో రకం సమీక్షలోనూ ఆయన పేరుంది. ఈసారి కూడినవి అంకెలు కావు, మాటలు. ఇలా మనుషుల మాటల మీద ఆధారపడేదే గుణాత్మక పరిశోధన. మందులు ఎందుకు వాడుతున్నారు, ఎందుకు మానేస్తున్నారు అని రోగులనూ, వాళ్ల ఇంటివాళ్లనూ, సిబ్బందినీ అడిగి రాసిన వ్యాసాల కోసం వెతికితే 7,814 దొరికాయి. జల్లెడ పడితే 44 మిగిలాయి. వాటిలోంచి తేలినవి ఇవి: చికిత్సకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మాత్రలు కడుపులో తిప్పుతాయి. జబ్బు సంగతి బయటపడితే ఇరుగుపొరుగు దూరం పెడతారు. ఆసుపత్రి వేళలు పనివేళలతో కుదరవు. ఇంట్లో తోడున్నవాడు పూర్తిచేస్తాడు, లేనివాడు మధ్యలో వదిలేస్తాడు. మతిమరుపుది ఇందులో చిన్న వాటా.

సరే, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు భాషల్లో, వేర్వేరు మనుషులు చెప్పిన సంగతులను ఒకే నివేదికలోకి ఎలా తెచ్చారు? ఏ లెక్కతో కూడారు? ఈ ప్రశ్నే ఒక పెద్ద తగువు. అది వైద్యంలో పుట్టలేదు, అమెరికా బడుల్లో పుట్టింది.

ముందు అంకెలవాళ్ల సంగతి చూద్దాం. 1972లో బ్రిటిష్ వైద్యుడు ఆర్చీ కాక్రేన్, వైద్యంలో చేస్తున్నవాటిలో నిజంగా పనిచేసేవి ఎన్నో ట్రయల్స్‌తో తేల్చాలని వాదించాడు. 1979లో మళ్లీ ఎత్తిపొడిచాడు: ఏ విభాగంలోనైనా సంబంధిత ట్రయల్స్ అన్నిటినీ విమర్శనాత్మకంగా సమీక్షించి, ఎప్పటికప్పుడు తాజాపరిచే పని మన వృత్తిలో జరగడం లేదు, ఇది సిగ్గుపడాల్సిన విషయం అని. ‘అన్నిటినీ’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈలోగా 1976లో అమెరికాలో జీన్ గ్లాస్ అనే విద్యారంగ గణాంకవేత్త ఎన్నో అధ్యయనాల అంకెలను కలిపి ఒకే లెక్క తేల్చే పనికి ‘మెటా అనాలిసిస్’ అనే పదం పుట్టించాడు. ఈ రెండు పాయలూ కలిసి 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇయన్ చామర్స్ నాయకత్వంలో కాక్రేన్ కొలాబరేషన్ అయ్యాయి. ఆ సంస్థ ముద్రలో ఏడు అడ్డగీతలు, కింద ఒక వజ్రం గుర్తు ఉంటాయి. గీతకో ట్రయల్, అన్నీ కలిపితే వచ్చే జవాబు వజ్రం. నెలలు నిండకుండా ప్రసవించబోయే తల్లికి స్టెరాయిడ్ ఇస్తే బిడ్డ బతికే అవకాశం పెరుగుతుందని ఆ బొమ్మ చెబుతుంది. అంత సూటి బొమ్మ ముందు, ‘ముప్ఫై మంది తల్లులతో మాట్లాడాను’ అని వచ్చే పరిశోధకురాలికి కుర్చీ ఎక్కడ వేయాలో ఎవరికీ తోచలేదు. ఏ రకం పరిశోధనను ఎంత నమ్మాలో మెట్లుగా చూపే సాక్ష్యాధారాల పిరమిడ్ అని బొమ్మ గీసినప్పుడల్లా ఇంటర్వ్యూలు అట్టడుగున ఉండేవి, లేదా బొమ్మలోనే ఉండేవి కావు.

ఇక బడుల కథ. 1954లో అమెరికా సుప్రీంకోర్టు నల్లవారికీ తెల్లవారికీ వేరువేరు బడులు చెల్లవని తీర్పిచ్చింది. తీర్పు తరవాత ఆ బడుల్లో అసలేం జరుగుతోందో తెలుసుకోవడానికి 1970లలో అక్కడి ప్రభుత్వ విద్యా పరిశోధన సంస్థ డబ్బిచ్చి పరిశోధకులను పంపింది. వాళ్లు నెలల తరబడి క్లాసుల్లో, వరండాల్లో, మైదానాల్లో కూర్చుని చూసి రాశారు. అలాంటి ఐదు అధ్యయనాలు చేతికొచ్చాక, ఇంకేం, అన్నీ కలిపి ఒక సారాంశం ఇవ్వండి అన్నారు. ఇచ్చారు కూడా. అది ఎవరికీ పనికిరాలేదు. అన్ని బడుల్లోనూ సమానంగా కనిపించినవాటిని ఏరితే మిగిలింది పిప్పి. ఏ ఊళ్లో ఏ ప్రిన్సిపాల్ ఎందుకలా చేశాడు, పిల్లలు ఏ బెంచీల మీద ఎవరి పక్కన కూర్చున్నారు అన్న రసమంతా కారిపోయింది.

ఆ ఐదింటిలో మెంఫిస్ నగరంలోని బడి మీద పనిచేసినవారిలో జార్జ్ నోబ్లిట్ ఒకడు. ఆ పరాభవం ఆయన్ని వదల్లేదు. డ్వైట్ హేర్‌తో కలిసి 1988లో వంద పేజీలైనా లేని పుస్తకం ఒకటి రాశాడు. వాళ్లు తమ పద్ధతికి ‘మెటా ఎథ్నోగ్రఫీ’ అని పేరు పెట్టారు. వాళ్ల వాదమంతా ఒక్క మాటలో ఉంది: అనువాదం. రెండు అధ్యయనాలను కూడటానికి లేదు, ఒకదాన్ని మరొకదాని భాషలోకి అనువదించవచ్చు. అక్కడ వాళ్లు ‘ఇది’ అన్నదీ ఇక్కడ వీళ్లు ‘అది’ అన్నదీ ఒకటేనా అని అడగాలి. ఒకటే అయితే పరస్పరం అనువదించుకోవచ్చు. ఎదురెదురుగా నిలబడితే ఆ వైరాన్నే రాయాలి. ఒక్కొక్కరూ ఒక్కో భాగం చూశారనుకుంటే, అన్నీ చేర్చి కొత్త వాదం కట్టాలి.

మనకిది చప్పున అర్థమవుతుంది. మన దగ్గర ఒకావిడ ‘ఈ మాత్రలు వేడి చేస్తున్నాయి’ అంటుంది. ఆ ఇంటర్వ్యూను ఇంగ్లిషు చేసినవారు దాన్ని ‘సైడ్ ఎఫెక్ట్’ అని రాయొచ్చు. మరో పరిశోధకుడు, ఇది శరీరాన్ని వేడి, చలవ అని విడదీసి చూసే ఆలోచన అని పది పేజీలు రాయొచ్చు. ఆవిడ మాత్రం మజ్జిగ తాగి, మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటూ ఉంటుంది. మూడూ ఒకే సంగతా? సాంఘిక తత్వవేత్త ఆల్ఫ్రెడ్ షుట్జ్ దగ్గర తెచ్చుకున్న మెట్ల లెక్కలో చెప్తే, ఆవిడ మాట మొదటి మెట్టు, పరిశోధకుడి వ్యాఖ్యానం రెండోది, ఎన్నో వ్యాసాలు చదివి సమీక్షకుడు కట్టేది మూడోది. పై మెట్టు ఎక్కేకొద్దీ మజ్జిగ గ్లాసు కనబడదు. ట్రాన్స్‌క్రిప్టులు రాసిపెట్టే పని కొన్నాళ్లు చేసినవాడిగా చెబుతున్నాను, చాలాసార్లు అది మొదటి మెట్టు మీదే ఒలికిపోతుంది.

పుస్తకం వచ్చాక పదేళ్లకు పైగా వైద్యరంగంలో దాన్ని వాడినవాళ్లు తక్కువే. నర్సింగ్ పరిశోధకులు మాత్రం తమదారిన తాము వెళ్తున్నారు. 1985లోనే ఫిలిస్ స్టెర్న్, చాండిస్ హారిస్ ‘గుణాత్మక మెటా అనాలిసిస్’ అన్న మాట వాడారు. 1997 నుంచి మార్గరెట్ శాండెలౌస్కీ ఈ పనిలో ఎదురయ్యే చిక్కులను ఒక్కొక్కటే బయటపెట్టింది. మలుపు 2002లో వచ్చింది. బ్రిటన్‌లో నిక్కీ బ్రిటెన్ బృందం కేవలం నాలుగు వ్యాసాలు తీసుకుని ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చేసి చూపించింది. మామూలు జనం మందుల గురించి ఏమనుకుంటారు అన్నది విషయం. ఒకటి కీళ్ల జబ్బులవారిది, ఒకటి రక్తపోటువారిది, ఒకటి తీవ్ర మానసిక వ్యాధికి మందులు వాడేవారిది, ఇలా.

వాళ్లు వేసింది ఒక పట్టిక, అంతే. నిలువు వరసకో వ్యాసం. అడ్డంగా భావనలు: డాక్టరు చెప్పినట్టు వాడటం, మోతాదు తామే సర్దుకోవడం, మందంటే వెగటు, వేరే ఉపాయాలు, శిక్షల భయం, డాక్టరుకు కొంతే చెప్పడం. గళ్లు నింపుతూ పోతే కొన్ని ఖాళీగా మిగిలాయి. శిక్షల గడి చూడండి. మానసిక వ్యాధి మందులు మానేస్తే బలవంతంగా ఆసుపత్రిలో వేస్తారన్న భయం ఉన్నచోట గడి నిండుతుంది, కీళ్ల నొప్పుల మాత్ర మానేస్తే ఎవరూ ఏమీ అనరు. ఈ తేడాలోంచి ఏ ఒక్క వ్యాసంలోనూ లేని మాట ఒకటి పుట్టింది: శిక్ష తీవ్రంగా లేనిచోట జనం మోతాదులు తామే సర్దుకుంటారు, శిక్ష భయం ఉన్నచోట డాక్టరు దగ్గర దాస్తారు. ‘మందులు వేసుకుంటున్నారా?’ ‘ఆ, వేసుకుంటున్నానండీ.’ మన ఓపీల్లో రోజూ వినబడే ఈ రెండు వాక్యాల మీద ఇంతకన్నా పదునైన వ్యాఖ్య నేను చదవలేదు.

ఆ తరవాత పద్ధతులు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటి పేర్లన్నీ అప్పజెప్పను. రెండు వైపులు తెలిస్తే చాలు. ఒకవైపు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1996లో మొదలైన జోయన్నా బ్రిగ్స్ సంస్థ. వ్యాసాల్లో ఉన్న ఫలితాలను ఉన్నవున్నట్టు తీసి, రకాలుగా విడదీసి, పేర్చండి, సొంత వ్యాఖ్యానం కలపకండి అంటుంది. రెండోవైపు మేరీ డిక్సన్ వుడ్స్ బృందం 2006లో ప్రతిపాదించిన విమర్శనాత్మక పద్ధతి: ప్రశ్న కూడా దారిలో మారొచ్చు, సమీక్షకుడి వాదమే అసలు ఫలితం. బ్రిటన్‌లో బీదసాదలకు వైద్యం ఎలా అందుతుందో చూస్తూ వాళ్లు ‘అర్హత’ అన్న భావన కట్టారు. వైద్యం అడగడానికి నేను తగినవాణ్నే అని ముందు రోగి అనుకోవాలి, తరవాత ఎదుటివాళ్లు ఒప్పుకోవాలి, ఈ బేరం ప్రతి గుమ్మం దగ్గరా జరుగుతుంది.

మధ్యలో లండన్‌లో సమీక్షలు చేసే ఎప్పి సెంటర్‌వారు ఉన్నారు. జేమ్స్ థామస్, ఏంజెలా హార్డెన్ 2008లో వివరించిన ‘థిమాటిక్ సింథసిస్’ ఇవాళ ఎక్కువమంది చేతిలో ఉన్న పనిముట్టు. వ్యాసంలో ఫలితాల భాగాన్ని వాక్యం వాక్యంగా కోడ్ చేసి, అంటే ప్రతి వాక్యానికీ అందులోని విషయాన్ని బట్టి ఒక పేరు తగిలించి, కోడ్లను గుంపులు కట్టి, అక్కడినుంచి ఒక మెట్టు పైకెక్కుతారు. వాళ్లు ఉదాహరణగా తీసుకున్నది నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు, పళ్లూ కూరగాయలూ. ఎనిమిది అధ్యయనాల్లో పిల్లలు చెప్పినదాన్ని బట్టి, ఆరోగ్యం గురించి పట్టించుకోవడం తమ పని అని పిల్లలు అనుకోరు. పళ్లు వేరు, మిఠాయిలు వేరు, రెండింటికీ వాళ్ల లోకంలో అర్థాలే వేరు. పెద్దలు చెప్పేదొకటి, ప్లేటులో పెట్టేదొకటి అన్న సంగతి వాళ్లకి బాగా తెలుసు. ఆ బృందమే అంతకుముందు 2004లో ఈ మాటలను తీసుకెళ్లి ట్రయల్స్ పక్కన పెట్టి చూసింది. ‘ఆరోగ్యానికి మంచిది’ అన్న పాట తగ్గించిన కార్యక్రమాల్లోనే పిల్లలు కూరగాయలు ఎక్కువ తిన్నారు. మాటలు అంకెలకు దారి చూపించిన సందర్భం ఇది.

వెతకడంలో ఉన్న అవస్థ వేరు. గుణాత్మక వ్యాసాలు రాసేవాళ్లకు, రోగి చెప్పిన ముచ్చటైన మాటను శీర్షికలో పెట్టే సరదా ఉంది. చదవడానికి బాగుంటుంది, డేటాబేస్‌కు దొరకదు. వైద్య వ్యాసాల సూచికలో ‘గుణాత్మక పరిశోధన’ అన్న శీర్షిక చేరిందే 2003లో. 2005లో ట్రిష్ గ్రీన్‌హాల్గ్, రిచర్డ్ పీకాక్ తమ పెద్ద సమీక్ష ఒకదాన్ని వెనక్కి తిప్పి లెక్క చూశారు. వాడుకున్న 495 మూలాల్లో ముందుగా రాసుకున్న పద్ధతి ప్రకారం వెతికితే దొరికినవి 30 శాతమే. 51 శాతం ఒక వ్యాసంలోంచి ఇంకో వ్యాసానికి తీగ లాగితే వచ్చాయి. 24 శాతం తెలిసినవాళ్లను అడిగితేనో, అంతకుముందే తెలియడం వల్లనో వచ్చాయి. ఒకే మూలం రెండు దారుల్లోనూ దొరకొచ్చు కాబట్టి మొత్తం వందకు కాస్త మించుతుంది.

మంచి వ్యాసం ఏది, చెత్త వ్యాసం ఏది అన్నది ఇంకో పేచీ. పది ప్రశ్నల కాస్ప్ చెక్‌లిస్టు బాగా వాడుకలోకొచ్చింది. అయితే 2007లో ఒక ప్రయోగం చేశారు. 12 వ్యాసాలను ఆరుగురు అనుభవజ్ఞులకిచ్చి, చెక్‌లిస్టులతో ఒకసారి, ఊరికే సొంత తెలివితో ఒకసారి అంచనా వేయమన్నారు. ఏ దారిలో వెళ్లినా ఆరుగురికీ పొసిగింది అంతంతమాత్రమే. చెక్‌లిస్టు చేతిలో ఉన్నంత మాత్రాన ఏకాభిప్రాయం పెరగలేదు.

కాక్రేన్ గుమ్మం చివరికి 2013లో తెరుచుకుంది. ఆ సంస్థ ప్రచురించిన మొదటి గుణాత్మక సమీక్ష క్లేర్ గ్లెంటన్ బృందానిది. తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పనిచేసే సామాన్య కార్యకర్తల గురించి, అంటే మన ఆశా అక్కలలాంటివారి గురించి, 53 అధ్యయనాలను చదివి రాశారు. జనం వాళ్లను ఇష్టపడేది తమలాంటి మనిషే కాబట్టి. కొందరు సంకోచించేదీ అందుకే, ఇంటి గుట్టు వీధిలో పడుతుందేమోనని. సలహాలు మాత్రమే ఇచ్చి మందులు ఇవ్వలేని కార్యకర్తకు విలువ తక్కువ. చాలామందికి నెలజీతం కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆశా వర్కర్ల ధర్నా చూసినవారికి ఇందులో వింతేమీ లేదు. వింతల్లా, ఆ మాట ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు రాసేవారి బల్ల మీదికి సాక్ష్యంగా వెళ్లడం. 2012లో ఏ స్థాయి కార్యకర్తకు ఏ పని అప్పగించాలో ఆ సంస్థ సిఫారసులు చేసినప్పుడు ఈ రకం సమీక్షలను ముందు పెట్టుకుంది.

అలా బల్ల ఎక్కాక, ‘ఈ మాటను ఎంత నమ్మొచ్చు?’ అని అడగక తప్పదు. దానికి సైమన్ లెవిన్, గ్లెంటన్ ప్రభృతులు సెర్క్వాల్ అనే కొలబద్ద తయారుచేసి 2015లో ప్రచురించారు. మూల అధ్యయనాల్లో లోపాలు, చెప్పిన మాటకూ ఆధారానికీ పొందిక, సమాచారం సరిపోవడం, మన ప్రశ్నకు అది వర్తించడం, ఈ నాలుగూ చూసి ప్రతి ఫలితానికీ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ అని నమ్మకం రాస్తారు. నోబ్లిట్ వారసులకు ఇది నచ్చదు. అనువాదానికి మార్కులేమిటి అంటారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ మార్కు లేని కాగితాన్ని కమిటీలు పక్కకు నెట్టడం కూడా చూశాను.

గుమ్మం తెరుచుకుంది అన్నానా, ఇల్లంతా కాదు. 2015 సెప్టెంబరులో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం ఒకటి, బ్రిటిష్ మెడికల్ జర్నల్ నుంచి తమకొచ్చిన తిరస్కరణ ఉత్తరాన్ని ట్విటర్‌లో పెట్టింది. గుణాత్మక వ్యాసాలకు ప్రాధాన్యం తక్కువ, వాటిని ఇతరులు ఉటంకించే అవకాశమూ తక్కువ అన్నది ఆ ఉత్తరం సారాంశం. 2016 ఫిబ్రవరిలో గ్రీన్‌హాల్గ్ మొదటి సంతకంతో 11 దేశాల 76 మంది ఆ పత్రికకే బహిరంగ లేఖ రాశారు, పత్రిక దాన్ని అచ్చు వేసింది, విధానం మాత్రం పెద్దగా మార్చుకోలేదు.

ఇప్పుడు ఇబ్బంది ఇంకోవైపు నుంచి వస్తోంది. అధ్యయనాలు మరీ ఎక్కువయ్యాయి. పిల్లలకు టీకాలు వేయించడంలో తల్లిదండ్రుల ఆలోచనల మీద 2021లో వచ్చిన కాక్రేన్ సమీక్షకు అర్హమైనవి 145 దొరికాయి. అన్నీ చదివి కోడ్ చేస్తే ప్రతి వ్యాసం మీదా చూపు పలచబడుతుందని, వివరం చిక్కగా ఉన్నవి, రకరకాల ప్రాంతాలకు చెందినవి 27 ఎంచుకున్నారు. ‘అన్నిటినీ’ సమీక్షించమని 1979లో అడిగిన మనిషి పేరు పెట్టుకున్న సంస్థే, మిగతా 118ని పక్కన పెట్టి, ఏ లెక్కన పెట్టిందో సమీక్షలోనే రాసింది.