దొరగారు, పేదపిల్ల: రీజెన్సీ ప్రేమకథల్లో అపోహలు - వాస్తవాలు

నేను రాసేవి ఇంగ్లండ్ నేపథ్యంలో సాగే చారిత్రక ప్రేమకథలు. ఎక్కువగా రీజెన్సీ కాలానివి. మూడో జార్జికి మతి చలిస్తే కొడుకు రాజప్రతినిధిగా పాలించిన 1811-1820 మధ్య కాలం అది. కొత్తగా రాసేవాళ్ళు పంపే రాతప్రతులు కూడా చదువుతుంటాను. చాలావాటిలో కథ ఒకటే: గొప్పింటి దొర, చిల్లిగవ్వ లేని అమ్మాయి, మధ్యలో గోడ. ఆ గోడ ఉండాల్సిన చోట మాత్రం ఉండదు.

అపోహ: దొరలు పేదింటి పిల్లను పెళ్ళాడకూడదని చట్టం ఉండేది.

అలాంటి చట్టం లేదు. పెళ్ళికి రాజుగారి అనుమతి కావాలన్న 1772 నాటి చట్టం రెండో జార్జి సంతతికే వర్తించేది. భార్యకు హోదా, పిల్లలకు వారసత్వం దక్కని తక్కువరకం పెళ్ళి జర్మన్ రాజకుటుంబాల్లో ఉండేది కానీ ఇంగ్లండ్‌లో లేదు. ఎర్ల్ అనే బిరుదున్న దొరను పెళ్ళాడిన అమ్మాయి, నిన్నటిదాకా ఏ పని చేసినా, ఆ క్షణం నుంచి కౌంటెసే.

నటి ఎలిజబెత్ ఫారెన్‌నే చూడండి. డెర్బీ ప్రభువు ఆమెను ఏళ్ళ తరబడి ఆరాధించాడు. కానీ ఆయనకు భార్య ఉంది, విడిగా బతుకుతున్నా విడాకులు ఇవ్వలేదు. ఫారెన్ తల్లిని వెంటబెట్టుకునే తిరిగింది, వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. 1797 మార్చిలో ఆ భార్య చనిపోయింది. మే 1న పెళ్ళి! రెండు నెలలు కూడా ఆగలేదు. ఇదే నేను కథలో రాస్తే "మరీ తొందరపడ్డారు" అంటారు పాఠకులు.

అపోహ: కొడుకు మాట వినకపోతే తండ్రి బిరుదు, భూములు వేరేవాళ్ళకు రాసేస్తాడు.

ఈ తప్పు నేనూ చేశాను. నా మొదటి నవలలో ముసలి ఎర్ల్ వీలునామా చింపి పొయ్యిలో వేస్తాడు, "నా బిరుదు నీకు దక్కనివ్వను" అని అరుస్తాడు. సీన్ అదిరిందనుకున్నాను. లాయరుగా పనిచేసే ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు: "బిరుదు వీలునామాలో ఉండదండీ." సిగ్గుతో చచ్చిపోయాను.

బిరుదు దాని మానాన అది పెద్దకొడుక్కి వెళ్తుంది. తండ్రి ఇష్టంతో పనిలేదు. భూములు చాలా కుటుంబాల్లో స్ట్రిక్ట్ సెటిల్‌మెంట్ అనే దస్తావేజు కింద ఉండేవి. దాని ప్రకారం ఇప్పటి ప్రభువుకు ఉన్నది బతికినంతకాలం ఆదాయం తినే హక్కే, అమ్మే హక్కు లేదు. పెద్దకొడుక్కి 21 నిండగానే తండ్రీ కొడుకులు కలిసి కొత్త దస్తావేజు మీద సంతకాలు పెట్టేవారు. దాంతో కొడుకు కూడా జీవితకాలపు అనుభవదారుగానే మిగులుతాడు, ఆస్తి ఇంకా పుట్టని మనవడికి పోతుంది. కొడుకు దీనికి ఎందుకు ఒప్పుకుంటాడు? ఆ రోజు నుంచే ఏటేటా చేతిఖర్చుకు డబ్బు వస్తుంది కాబట్టి.

కాబట్టి తండ్రి చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ చేతిఖర్చే. అది ఆపితే హీరో అప్పులవాళ్ళ గుమ్మం ఎక్కాలి. అదే హీరో ఇంకా సంతకం పెట్టలేదనుకోండి, కథ తిరగబడుతుంది. తండ్రి పోయాక ఆ కట్టడిని తెంచేసి భూమిని ఏమైనా చేసుకోవచ్చు. అప్పుడు బతిమాలాల్సింది తండ్రే. ఇంత మంచి మలుపును వదిలేసి వీలునామాలు తగలబెడుతున్నాం మనం.

ఇంకో సంగతి ఉంది, రాతప్రతుల్లో దాదాపు కనపడనిది. ఆ దస్తావేజులోనే ఆడపిల్లలకు, చిన్నకొడుకులకు ఇవ్వాల్సిన సొమ్ము కూడా రాసి ఉండేది. అది ఎక్కడి నుంచి వస్తుంది? చాలాసార్లు ఎస్టేటు మీద అప్పు తెచ్చేవారు, లేదా పెద్దకొడుకు భార్య తెచ్చిన కట్నంలోంచి సర్దేవారు. వదిన ఉత్తచేతులతో వస్తే ఆడపడుచు పెళ్ళి కష్టంలో పడుతుంది. వితంతువుకు ఏటా ఇచ్చే భరణం కూడా ఆమె తెచ్చిన కట్నాన్ని బట్టే, దాదాపు పదో వంతు ఉండేది. ఏమీ తేని అమ్మాయికి ఎంత రాయాలి అన్నది లాయర్ల గదిలో పెద్ద గొడవ.

అందుకే నా కథల్లో ఇప్పుడు విలన్ తండ్రి ఉండడు. హీరోయిన్ అంటే ప్రాణం పెట్టే 18 ఏళ్ళ ఆడపడుచు ఉంటుంది. ఆ పిల్ల కట్నం లెక్కే గోడ.

అపోహ: ఇంట్లో ఒప్పుకోకపోతే స్కాట్లాండ్ సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్‌కు పారిపోవడమే దారి.

లండన్ నుంచి గ్రెట్నా సుమారు 320 మైళ్ళు. దారిపొడవునా గుర్రాలు మారుస్తూ పోవాలి, ఖర్చు బోలెడు. 1753లో చేసి 1754 మార్చి నుంచి అమలైన హార్డ్‌విక్ చట్టం ప్రకారం 21 నిండనివాళ్ళు లైసెన్సుతో పెళ్ళాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. స్కాట్లాండ్‌కు ఆ చట్టం వర్తించదు, సాక్షుల ముందు మాట ఇచ్చుకుంటే చాలు. అందుకే మైనర్లు సరిహద్దు దాటేవారు. మన హీరోకు 29, హీరోయిన్‌కు 24. వీళ్ళు అంతదూరం ఎందుకు పోవాలి? లైసెన్సు తీసుకుని చర్చిలో చేసుకోవచ్చు. లేదంటే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదివించుకోవచ్చు. పాదరీ నోట తన పేరు పక్కన దొర పేరు వినబడగానే ఊరంతా వెనక్కి తిరిగి చూసే ఆ సీన్ నాకు బండి ప్రయాణం కన్నా ఇష్టం.

అర్ధరాత్రి చర్చి పెళ్ళి కూడా కుదరదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ప్రత్యేక లైసెన్సు ఇస్తే తప్ప పెళ్ళి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపే జరగాలి. అందానికి పేరుపడ్డ, ఆస్తి లేని ఎలిజబెత్ గన్నింగ్‌ను హామిల్టన్ డ్యూక్ (దొరల్లో అన్నిటికన్నా పై బిరుదు అది) రాత్రికి రాత్రి, ఉంగరం లేక పరదా రింగు తొడిగి పెళ్ళాడాడని చెప్పుకుంటారు. అది 1752, హార్డ్‌విక్ చట్టానికి ముందు.

చిన్నవి కొన్ని గబగబా. డ్యూకులు వీధికొకరు ఉండరు, రాజకుటుంబం పక్కన పెడితే మొత్తం 30 మందికి లోపే. ఆడపిల్లలకు 16 ఏళ్ళకే పెళ్ళి అనేదీ అంతే, అప్పటి సగటు 23-24. ఎర్ల్‌ను "మై లార్డ్" అంటారు, దొరల్లో "యువర్ గ్రేస్" డ్యూక్‌కే. మనకున్న అసలు టెన్షన్ వేరు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట, తెలుగులో హీరోయిన్ ఎప్పుడు "మీరు" వదిలి "నువ్వు" అంటుందో మనమే తేల్చాలి. నేను పెళ్ళయ్యాక కూడా ఒక పూట ఆగుతాను.

అపోహ: పేదపిల్ల అంటే పేదపిల్లే.

ఏడాదికి 20-30 పౌండ్ల జీతానికి పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్ తరచూ పాదరీ కూతురో, చితికిపోయిన పెద్దింటి పిల్లో. పుట్టుకకు ఆమె లేడీయే, అంటే మర్యాదస్తుల ఇంటి పిల్లే. ఆమెను పెళ్ళాడితే గుసగుసలు, పాలశాలలో వెన్న చిలికే అమ్మాయిని పెళ్ళాడితే గగ్గోలు. రెండూ ఒకే కథ కాదు.

అపోహ: ఇవన్నీ కల్పనలే, నిజంగా ఎక్కడ జరిగాయి?

జరిగాయి. భార్య వేరొకరితో వెళ్ళిపోతే, ఎర్ల్ బిరుదుకు వారసుడైన హెన్రీ సెసిల్ పేరు మార్చుకుని ష్రాప్‌షైర్‌లోని బోలాస్‌లో దాక్కున్నాడు. 1790లో అక్కడి రైతు కూతురు సారా హాగిన్స్‌ను పెళ్ళాడాడు. అప్పటికి విడాకులు రాలేదు, అంటే ఆ పెళ్ళి చెల్లదు! విడాకులయ్యాక 1791లో మళ్ళీ చేసుకున్నాడు. 1793లో ఎర్ల్ అయ్యాడు. సారా 23 ఏళ్ళకే, 1797లో పోయింది. హోదా బరువు మోయలేక కుంగిపోయిందని జనం కథ అల్లారు. నిజానికి ఆమె పోయింది ప్రసవం తర్వాత. వాళ్ళ కొడుకే తర్వాత ఎక్సెటర్ మార్క్వెస్ (ఎర్ల్ కన్నా పై బిరుదు).

ఇక ససెక్స్‌లోని అప్‌పార్క్ దొర, సర్ హ్యారీ ఫెదర్‌స్టన్‌హా. కుర్రతనంలో ఎమ్మా అనే టీనేజి పిల్లను ఇంట్లో ఉంచుకుని, ఆమె గర్భవతి కాగానే వదిలించుకున్నాడు. తర్వాత లేడీ హామిల్టన్‌గా పేరు మోగింది ఆమే. అదే మనిషి 1825లో, 70 దాటాక, తన పాలశాలలో పనిచేసే మేరీ ఆన్ బుల్లక్‌ను పెళ్ళాడాడు. ఆమెకు అప్పుడు 20 చిల్లర. చదువు కోసం పారిస్ పంపాడు, 1846లో పోతూ ఇల్లూ భూములూ ఆమెకే రాశాడు. ఆస్తి ఏ దస్తావేజుకూ చిక్కకుండా ఆయన చేతిలో ఉంది కాబట్టే రాయగలిగాడు.

పెళ్ళాడతావా అని అడిగినప్పుడు ఆమెకు మాట పెగల్లేదట. "ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఒప్పుకుంటే రాత్రి భోజనానికి వచ్చే పొట్టేలు తొడలోంచి ఒక ముక్క కోసి పంపు" అన్నాడని ఆ ఇంటి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాత్రి బల్ల మీదకు వచ్చిన తొడలో ఒక ముక్క లేదు.