వేలిముద్రల్లో తెలివి వెతికే పరీక్ష వెనక కథ

జూన్‌లో బడులు తెరిచే ముందు వైజాగ్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతూ ఉంటుంది. పిల్లాడి పది వేళ్లూ స్కానర్ మీద పెడితే చాలట, వాడికి ఏ రకం తెలివి ఎంత శాతం ఉందో, చూసి నేర్చుకునే రకమో విని నేర్చుకునే రకమో, రేపు ఎంపీసీలో చేర్చాలో బైపీసీలో చేర్చాలో రంగురంగుల రిపోర్టు ఇచ్చేస్తారట. దాని పేరు డీఎంఐటీ, అంటే డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్. వేలి గీతలూ మెదడూ కడుపులో ఒకే సమయంలో ఏర్పడతాయి కాబట్టి ఒకటి చూస్తే రెండోది తెలిసిపోతుందన్నది వాళ్లు చెప్పే సైన్సు. గీతలు మూడో నెల ప్రాంతంలో మొదలవుతాయన్న మాట నిజమే. ఆ సమయంలో ఎదిగేవి ఇంకా బోలెడు ఉంటాయి, చెవి తమ్మెలు చూసి ఎంసెట్ ర్యాంకు చెప్పమని ఎవరూ అడగరు కదా.

తమాషా ఏమిటంటే ఈ పని నూట ముప్పై ఏళ్ల కిందటే ఒకాయన చేసి చూశాడు, కుదరక వదిలేశాడు కూడా. పేరు ఫ్రాన్సిస్ గాల్టన్, బ్రిటన్ శాస్త్రవేత్త. ప్రతిభ వంశంలో వస్తుందని గట్టిగా నమ్మిన మనిషి. 1884లో లండన్‌లో ఒక ప్రదర్శనలో చిన్న ప్రయోగశాల పెట్టి, మూడు పెన్నీలు తీసుకుని జనం చూపు, వినికిడి, చేతి పట్టు కొలిచేవాడు. 1892లో వేలిముద్రల మీద పెద్ద పుస్తకమే రాశాడు. వాటిలో మనిషి జాతి, స్వభావం కనిపిస్తాయని మొదట చాలా ఆశపడ్డాడు. సైన్సు విద్యార్థుల ముద్రలు, పొలం కూలీల ముద్రలు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల ముద్రలు పక్కపక్కన పెట్టి పోల్చాడు. తేడా ఏమీ దొరకలేదు. ఆ ఆశ తప్పిందని తనే రాసేశాడు. ‘మంచి’ వంశాలవాళ్లే పెరగాలనే యూజెనిక్స్ అన్న పాడు ఆలోచనకు పేరు పెట్టింది ఆయనే కాబట్టి ఆయన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా ఈ ఒక్క విషయంలో నిజాయితీగా ఉన్నాడు.

తెలివిని కొలిచే అసలు పరీక్ష పారిస్‌లో పుట్టింది. చదువులో వెనకబడే పిల్లల్ని ముందే గుర్తించి సాయం చేయడానికి 1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ కలిసి కొన్ని ప్రశ్నలు తయారుచేశారు. అంకెలు విని తిరిగి చెప్పడం, బొమ్మలో ఏముందో చెప్పడం లాంటివి. తెలివి పెరగదు, పుట్టుకతో ఎంత ఉంటే అంతే అనేవాళ్లంటే బినేకి ఒళ్లు మంట. ఆయన 1911లో పోయాడు. ఆ మరుసటి ఏడే జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును, అంటే పిల్లాడు ఏ వయసువాళ్ల ప్రశ్నల వరకు చేయగలడో దాన్ని, అసలు వయసుతో భాగించమన్నాడు, ఐక్యూ వచ్చింది. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని అమెరికా పరీక్షగా మార్చాడు, అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక సుమారు 17 లక్షల మంది సైనికుల్ని ఇలాంటి పరీక్షలతోనే జల్లెడ పట్టారు. సాయం ఎవరికి కావాలో తేల్చడానికి పుట్టిన పరీక్ష మనుషుల్ని వరసలో నిలబెట్టడానికి పనికొచ్చింది. ద్వారకానగర్‌లో ర్యాంకుల హోర్డింగుల కింద పెరిగినవాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా.

ఈ ఒక్క అంకె మీద తిరగబడ్డవాళ్లలో బాగా పేరొచ్చింది హార్వర్డ్‌కి చెందిన హొవార్డ్ గార్డ్‌నర్‌కి. తెలివి ఒకటి కాదు ఏడు అన్నాడు 1983లో, తర్వాత ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని కలిపి ఎనిమిది చేశాడు. నక్షత్రాలు చూసి పడవ నడిపే పసిఫిక్ దీవుల నావికులు ఆయన చెప్పిన ఉదాహరణల్లో ఉన్నారు. అంత దూరం పోనక్కర్లేదు. జీపీఎస్ రాకముందు మన పెద జాలారిపేట వాళ్లు యారాడ కొండ ఎటుందో, దాని ముందు ఏ గుర్తు వరసలోకి వచ్చిందో చూసి నడిసముద్రంలో వల వేసే చోటు పట్టేవాళ్లు. అది తెలివి కాదంటే ఎవరొప్పుకుంటారు? అందుకే గార్డ్‌నర్ మాట టీచర్లకు తెగ నచ్చింది. మనస్తత్వవేత్తలు మాత్రం అంతగా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఈ తెలివితేటలు వేటికవి విడిగా ఉంటాయనడానికి కొలతల్లో సాక్ష్యం సరిపోలేదు, ఒకదాంట్లో బాగా చేసినవాళ్లు మిగతావాటిలోనూ ఎంతోకొంత బాగా చేస్తారని బ్రిటన్ మనస్తత్వవేత్త స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు.

ఇంతలో 1992లో న్యూజిలాండ్‌కి చెందిన నీల్ ఫ్లెమింగ్ చూసి, విని, చదివి రాసి, చేసి నేర్చుకునే నాలుగు పద్ధతుల ప్రశ్నావళి తెచ్చాడు. తెలివి రకాలు వేరు, నేర్చుకునే పద్ధతులు వేరు మొర్రో అని గార్డ్‌నరే చెప్పినా జనం కలిపేశారు. వేలిముద్రలవాళ్లు ఈ రెంటికీ గాల్టన్ వదిలేసిన ఆశను కూడా జోడించి అమ్ముతున్నారు. పిల్లాడి 'రకానికి' తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటాడా అని 2008లో నలుగురు మనస్తత్వవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, సరైన ఆధారం లేదని తేల్చారు. డీఎంఐటీకి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో 1967లో కె. రామకృష్ణారావు గారు సైకాలజీతో పాటు పారాసైకాలజీకీ విభాగం పెట్టారు, టెలిపతీ లాంటివాటిని కూడా ప్రయోగానికి పెట్టి చూద్దామన్న ధోరణి అది. ఈ స్కానర్లవాళ్లకు ఆ పాటి ఓపిక కూడా లేదు.

నిజంగా పనిచేసేవి ఇంత ఆకర్షణగా ఉండవు. 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వవేత్తలు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, కొందరితో పుస్తకం మూయించి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు దాటిపోయారు. మన ఇళ్లలో అప్పజెప్పించుకునేది దాదాపు ఇదే, బట్టీగా మారనంతవరకు.

బజారు తెలివి, బడి తెలివి గొడవ ఇంకా తేలలేదు. బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో అమ్ముకునే పిల్లలు బేరంలో నోటితో సుమారు 98 శాతం లెక్కలు సరిగ్గా చేసి, అవే కాగితం మీద ఇస్తే 37 శాతం దగ్గర ఆగిపోయారని 1985లో ఒక అధ్యయనం చెప్పింది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పని 2025లో వచ్చింది, అక్కడా అంతే. బజార్లో గడగడా చిల్లర లెక్క చెప్పేవాళ్లు బడి భాగహారం దగ్గర తడబడ్డారు, బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఈ రెంటినీ కలిపే పాఠాలు కావాలని వాళ్లు అడుగుతున్నారు. పూర్ణా మార్కెట్లో సాయంత్రం పూట అమ్మకు సాయంగా కూర్చునే పిల్లల చేతిలో ఉన్న లెక్కల పుస్తకంలోకి అవి ఇంకా రాలేదు.