బరువు కర్రది, గురి చేతిది

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్లకీ తాతయ్య ఆశీస్సులు.

నా ఫోటో చూసి "తుపాకీ కింద ఆ రెండు కర్రలేంటి, తాతయ్యకి చేతులు నొప్పా?" అని మీ అమ్మని అడిగారట. నొప్పే అనుకోండి. కానీ నా పక్కన కూర్చునే పాతికేళ్ల కుర్రాళ్లు కూడా అవే కర్రలు పెట్టుకుంటారు. ఫోన్లో చెబితే సగం వినకుండానే పెట్టేస్తారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నా చేతిలో ఉన్నది 1870ల నాటి షార్ప్స్ అనే అమెరికన్ రైఫిల్‌కి ఈ కాలంలో చేసిన నకలు. బరువు అయిదున్నర కిలోలకి కాస్త తక్కువ. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు మందుతో, బరువైన సీసపు తూటాతో పేలుతుంది. తుపాకీ తేలిగ్గా ఉంటే ఆ వెనక్కి తన్నే దెబ్బకి భుజం వాచిపోతుంది. అందుకే గొట్టాన్ని పొడుగ్గా, మందంగా, ఎనిమిది పలకలుగా చేసేవాళ్లు. తన్ను తగ్గింది కానీ మోయాల్సిన బరువు పెరిగింది. ఎత్తి పట్టుకున్న కాసేపటికే చేయి వణుకుతుంది, ఎంత కండ ఉన్నా సరే.

ఆ వణుకు ఖరీదు ఎంతో లెక్క వేద్దాం. తుపాకీ వెనక కొస భుజానికి ఆని ఉంది, గొట్టం మూతి అక్కణ్ణించి మీటరు దూరంలో ఉంది. మూతి ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 500 మీటర్ల దూరంలో తూటా అర మీటరు పక్కకి పోతుంది. సరూప త్రిభుజాలు ఎందుకు పనికొస్తాయని అడిగారు కదా, ఇదిగో.

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో రాటన్ ఊరి దగ్గర విట్టింగ్టన్ సెంటర్ అనే పెద్ద మైదానం ఉంది. ఈ పాత రకం రైఫిళ్ల జాతీయ పోటీలు అక్కడే జరుగుతుంటాయి. ఇనుప రేకుతో కోసిన బొమ్మలు వరసగా నిలబెడతారు. 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు. కోడిని మాత్రం నిలబడి, ఏ ఆసరా లేకుండా కొట్టాలి. మిగతా మూడింటికీ కింద కూర్చునో పడుకునో కర్రల మీద ఆనించుకోవచ్చు. తగిలితే బొమ్మ పడిపోతుంది. పొట్టేలు దగ్గర్నుంచి ఆ 'టంగ్' మనే చప్పుడు మనదాకా రావడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. నన్నడిగితే ఆటలో మజా అంతా అందులోనే ఉంది.

కర్ర ఆసరా కొత్త సంగతేం కాదు. 1600ల తొలినాళ్లలో యూరప్ సైనికులు మస్కెట్ అనే బరువైన పొడుగు తుపాకీతో పాటు పైన పంగ ఉన్న కర్రొకటి మోసుకు తిరిగేవాళ్లు. మస్కెట్లు తేలికయ్యాక దాన్ని వదిలేశారు. టిబెట్ వాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. రెండు కాళ్లు తుపాకీకే మడత బందుతో బిగించి, వాటి కొసలకి జింక కొమ్ములు తొడిగేవాళ్లు.

నా కర్రల వంశం మాత్రం అంత గొప్పగా చెప్పుకునేది కాదు. 1870ల మొదట్లో బైసన్ అనే అమెరికా అడవిదున్న తోలుతో ఫ్యాక్టరీ యంత్రాల బెల్టులు చేయొచ్చని తేలింది. దాంతో వేటగాళ్లు అమెరికా మైదానాల మీద పడ్డారు. గాలికి ఎదురుగా, మందకి రెండు మూడు వందల గజాల దూరంలో కూర్చుని, కర్రలు నాటి, ముందు నడిచే ఆడ బైసన్‌ని కొట్టేవాళ్లు. దారి చూపేది పడిపోయేసరికి మిగతావి ఎటు పోవాలో తెలియక అక్కడే తిరిగేవి. ఇక కూర్చున్నచోటు నుంచి కదలకుండా ఒక్కొక్కటే. గొట్టం కాలిపోతుంటే నీళ్లు పోసేవాళ్లట, నీళ్లు లేకపోతే ఏం పోసేవాళ్లో మీరే ఊహించుకోండి. దక్షిణపు మందలు 1870లు ముగిసేలోపే పోయాయి, ఉత్తరపు మందలు 1883 నాటికి. కోట్లలో ఉన్న జంతువు 1880ల చివరికి దాదాపు వెయ్యికి దిగింది. దాని మాంసం తిని, దాని తోలు కప్పుకుని బతికిన అక్కడి ఆదివాసీ జాతులు ఆకలికి లొంగిపోయాయి. చేతులు వణికే మనిషైతే అన్నిటిని చంపలేడు. ఆ పాపంలో కర్రలకీ వాటా ఉందనే నేనంటాను.

ఇప్పుడు తయారీ. మీరూ చేసుకోవచ్చు, తుపాకీకి కాదు లెండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మీ నాన్న దగ్గర పొడుగు లెన్సు కెమెరా ఉంది కదా, కొల్లేటి ఆటపాకలో గట్టు మీద కూర్చుని గూడబాతుల్ని తీయడానికి ఆ కర్రలే సరిపోతాయి. అక్కడ పడవెక్కితే మాత్రం ఇవి దండగ, కింద నేలే ఊగుతుంటే కర్ర ఏం చేస్తుంది?

ఇక్కడ అమెరికాలో హికరీ, యాష్ అనే గట్టి చెక్కలు వాడతారు. మీకు లోపల బోలు లేని గట్టి వెదురు దొరికితే అదే మేలు. బొటనవేలంత లావు, మీటరు పొడవు, రెండూ వంకర లేనివి. ముందే పొట్టిగా కోసేయకండి. పొడుగైతే కోయొచ్చు, పొట్టిదైతే అతికించలేం. పైనుంచి 10 సెంటీమీటర్ల దగ్గర బెజ్జం వేయాలి. అక్కడికి కణుపు వచ్చేలా వెదురు ఎంచుకుంటే చీలదు. 6 మిల్లీమీటర్ల బోల్టు తీసుకుని, రెండు కర్రల మధ్య ఒక వాషరు, బయట చెరొకటి వేసి, రెక్కల నట్టు బిగించండి. డ్రిల్లింగ్ మిషన్ పని నాన్నకి వదిలేయండి. కొసలు ఉప్పు కాగితంతో రుద్దండి, వెదురు పేడు గుచ్చుకుంటే తీయడం కష్టం.

తెరిస్తే కత్తెరలా ఉంటుంది, పైన చిన్న పంగ. అసలు కిటుకు కిందుంది. కాళ్లు దూరం జరిపితే పంగ దిగుతుంది, దగ్గరికి తెస్తే లేస్తుంది. బోల్టు కింద కాలు 90 సెంటీమీటర్లు కాబట్టి పైథాగరస్‌తో చూసుకోండి. కాళ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే బోల్టు ఎత్తు 88.7. మధ్య దూరం 60 చేస్తే 84.9. 90 చేస్తే 77.9. 120 చేస్తే 67. ప్రతిసారీ జరిపింది 30 సెంటీమీటర్లే, కానీ దిగింది నాలుగు, ఏడు, పదకొండు. అందుకే బాగా తెరిచిన కర్రలు కాస్త కదిపినా ఎక్కువ మారతాయి. జారిపోకుండా కొసలకి మేకులు దిగ్గొట్టి, కాళ్ల మధ్య ఒక తాడు కట్టాలి.

పట్టుకోవడంలో ఒక్కటే నియమం: మోయొద్దు. బరువంతా పంగ మీద వదిలేయాలి. ఎడమ చెయ్యి కర్రలు కలిసేచోట గొట్టాన్నీ కర్రల్నీ కలిపి పట్టుకుంటుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనాలి, కానీ ఎముక మీద ఎముక కాకుండా కండ మీద. గొట్టం పంగలో ప్రతిసారీ ఒకేచోట ఆనాలి. పేలినప్పుడు గొట్టం వణుకుతుంది, ఆసరా జరిగితే ఆ వణుకూ మారి తూటా వేరేచోట పడుతుంది. నేను గొట్టం మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటాను.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది ఏ కర్రా లేకుండానే. అక్కడ నిలబడి, సొంత ఎముకల మీదే బరువు ఆపాలి. పారా షూటింగ్‌లో మాత్రం చేత్తో రైఫిల్ బరువు ఆపలేని క్రీడాకారులకి స్ప్రింగు ఉన్న స్టాండ్ ఇస్తారు. అది మోసం అని ఎవరూ అనరు, అనకూడదు కూడా.

పంగ లోపల పాత సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టండి, లెన్సు గీసుకోదు, జారదు. లాగి చుట్టి, కొస లోపలికి దోపితే జిగురు కూడా అక్కర్లేదు. ఎండకి పగులుతుంది, పగిలితే ఇంకో ముక్క. నట్టు మరీ బిగించకండి, వేలితో నెడితే కర్ర కదలాలి, వదిలితే ఆగాలి. తయారయ్యాక ఫోటో పంపండి, పక్కన స్కేలు పెట్టి తీయండి.

ఇట్లు,
మీ తాతయ్య