గౌరవ వేతనం వెనుక యాభై ఏళ్లు

2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీలను అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) పరిధిలోకి తెచ్చి, ఆరు నెలల పాటు సమ్మెలు నిషేధించింది. కార్యకర్తలు, ఆయాలు అప్పటికే డిసెంబరు 12 నుంచి సమ్మెలో ఉన్నారు. నెలకు 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ ఇవ్వాలన్నవి వాళ్ల ముఖ్యమైన డిమాండ్లు. రికార్డుల్లో చూస్తే వీళ్లు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తలు మాత్రమే. పని మానితే మాత్రం అత్యవసర సేవకు అంతరాయం కలిగించినట్టు. ఈ వైరుధ్యం పథకంతో పాటే పుట్టింది.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టుల్లో, అంగన్‌వాడీల ద్వారా నడిచే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని (ఐసీడీఎస్) ప్రారంభించింది. ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పిల్లలకు ఆటపాటలతో చదువు అన్నీ ఒకేచోట అందాలన్నది ఆలోచన. చాలా మంచి ఆలోచన. దాన్ని నడిపించే మనిషికి ఇచ్చిందెంత? పదో తరగతి పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, పాసవ్వకపోతే 100, ఆయాకు 35. స్థానిక మహిళ, కొన్ని గంటల సేవ అన్నారు గానీ ఉద్యోగం అనలేదు. పిల్లల్ని సాకడం ఆడవాళ్లు ఎలాగూ చేసే పనే కదా, దానికి జీతమేమిటన్న భావన ఆ అంకెల్లోనే ఉంది.

పని మాత్రం ఏటా పెరిగింది. బరువులు తూచి గ్రోత్ చార్టులు నింపడం, ఇంటింటి సర్వేలు, చాలాచోట్ల ఓటర్ల జాబితా పని కూడా ఆమెదే. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అంగన్‌వాడీ కేంద్రంలోనే పెట్టాలి. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. సిగ్నల్ లేని ఊళ్లోనూ వివరాలు ఫోన్లో ఎక్కించాల్సిందే.

2006 డిసెంబరులో సుప్రీంకోర్టు వారం తేడాతో రెండు మాటలు చెప్పింది. కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ మధ్య నడిచిన కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలవి ప్రభుత్వ పోస్టులు కావని 7న తీర్పునిచ్చింది. 13న ఆహార హక్కు కేసులో, దేశమంతటా 14 లక్షల కేంద్రాలు తెరవాలని ఆదేశించింది. అంగన్‌వాడీ కేంద్రం పిల్లల హక్కయింది, దాన్ని నడిపే మనిషికి మాత్రం ఏ హక్కూ రాలేదు. వీళ్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసినా అమలు కాలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే, ఇది పార్ట్‌టైమ్ పని అంటే ఒప్పుకోలేమని, వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తేల్చింది. ఎంతో ఆలస్యంగా వచ్చిన న్యాయం అది.

డబ్బు లెక్కలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మొదట్లో పౌష్టికాహారం తప్ప నిర్వహణ ఖర్చంతా కేంద్రానిదే. 2009లో కేంద్ర, రాష్ట్రాల వాటా 90:10 అయింది, 2015 తర్వాత 60:40. కార్యకర్త గౌరవ వేతనాన్ని కేంద్రం 2018 అక్టోబరులో 4,500 చేసి, ఆ తర్వాత ఐదేళ్లకు పైగా ముట్టుకోలేదు. మిగతాది రాష్ట్రాల దయ. అందుకే సమ్మె నాటికి అదే పనికి ఆంధ్రప్రదేశ్‌లో 11,500, తెలంగాణలో 13,650. తెలంగాణలోనూ 2023 సెప్టెంబరులో సమ్మె జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె 42 రోజులు సాగి, జూలైలో వేతనం పెంచుతామన్న హామీతో జనవరి 22 రాత్రి ముగిసింది.

ఇంత తక్కువ ఖర్చుతో నడిపిన వ్యవస్థ తల్లి పనిగంటలకు ఏనాడూ సరిపోలేదు. మూడేళ్లలోపు బిడ్డకు ఇంటికి బాలామృతం అనే పౌష్టికాహార పొడి ప్యాకెట్ వస్తుంది గానీ, ఆమె కూలికి వెళ్లి వచ్చేదాకా బిడ్డను చూసేవాళ్లు ఉండరు. అంగన్‌వాడీలకు క్రెష్‌ను, అంటే తల్లి పనికెళ్లినప్పుడు బిడ్డను చూసుకునే చోటును, జోడించే పాల్నా పథకం 2022లో గానీ రాలేదు. దాని లక్ష్యం 17,000 కేంద్రాలు. దేశంలో ఉన్న అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు.