హెచ్-ఇండెక్స్ వెనుక డెబ్బై ఏళ్ల లెక్క

ఏటా ఒకసారి జిల్లా పేజీల్లో ఈ వార్త కనిపిస్తుంది: ఫలానా యూనివర్సిటీ ప్రొఫెసర్‌కు ‘ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో’ చోటు. ఫొటో ఉంటుంది, శాలువా ఉంటుంది. ఆ 2 శాతం దేన్నిబట్టి తేల్చారో మాత్రం ఉండదు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం 2019లో వెలువరించిన ఈ జాబితా, పరిశోధన పేపర్ల వివరాలు దాచే స్కోపస్ డేటాబేస్‌లోంచి ఆరు అంకెలు తీసి ఒక్క స్కోరు కడుతుంది. మొత్తం సైటేషన్లు (ఇతర పేపర్లు ఉదహరించిన సార్లు), హెచ్-ఇండెక్స్ (దాని లెక్క కింద ఉంది), సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్ మొదటి మూడు. మిగతా మూడూ రచయితల వరసలో ఆ పేరు ఎక్కడుందో చూసేవి: ఒంటరిగా, మొదట, చివర. కెరీర్ మొత్తానికి ఒక జాబితా, ఒక్క ఏడాదికి వేరే జాబితా ఉంటాయి. ఆ ప్రొఫెసర్ పేరు ఎందులో ఉందో వార్త రాసేవారు సాధారణంగా అడగరు.

మొదట్లో ఈ సైటేషన్ల లెక్క వెతుకులాటకు పనిముట్టు. ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడ ఉదహరించాయో అమెరికా లాయర్లు షెపర్డ్స్ సైటేషన్స్ సంపుటాల్లో చూసుకునేవారు. అదే పద్ధతిని సైన్సుకు తెద్దామని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. 1975 నుంచి జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ఏటా వెలువడుతున్నాయి. అది జర్నల్‌లోని పేపర్లకు వచ్చిన సైటేషన్ల సగటు; అందులోని ఫలానా పేపర్‌కు అంటగడితే తప్పు. మనిషికి అంకె వేసింది 2005లో ఫిజిక్స్ ప్రొఫెసర్ హోర్హే హిర్ష్; అదే హెచ్-ఇండెక్స్. పేపర్లను ఎక్కువ సైటేషన్ల నుంచి తక్కువకు వరస పెడితే, ఎన్నో పేపరో కనీసం అన్ని సైటేషన్లు ఉన్న చివరి స్థానమే హెచ్. సైటేషన్లు 40, 22, 9, 5, 4, 1 అనుకోండి: నాలుగో పేపర్‌కు 5 ఉన్నాయి, సరిపోయింది. ఐదో దానికి 4 మాత్రమే. కాబట్టి హెచ్ 4. మొదటి పేపర్‌కు 40 బదులు 4,000 వచ్చినా ఆ 4 మారదు.

ఇమ్యునాలజీలో (రోగనిరోధక శాస్త్రంలో) ఈ లెక్క ఎలా పక్కదారి పడుతుందో చూడాలంటే టిమ్ మోస్మన్ రాసిన రెండు పేపర్లు చాలు. 1986లో రాబర్ట్ కాఫ్‌మన్ తదితరులతో కలిసి ఎలుకల హెల్పర్ టి కణాల్లో (మిగతా రోగనిరోధక కణాలకు తోడ్పడేవి) రెండు రకాలున్నాయని చూపించాడు. టీహెచ్1, టీహెచ్2 అన్న మాటలు పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది అక్కణ్నుంచే. అంతకన్నా ఎన్నో రెట్లు సైటేషన్లు తెచ్చింది 1983 నాటి ఎంటీటీ పరీక్ష, అంటే బతికున్న కణాలు ఎన్నో రంగుతో కొలిచే పద్ధతి. 96 గుంటల ప్లేటులో కణాలుంటాయి. ఒక్కో గుంటలో 100 మైక్రోలీటర్ల ద్రవానికి మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల పసుపు రంగు ఎంటీటీ ద్రావణం 10 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా స్ఫటికాలుగా మారుస్తాయి. ఆమ్లం కలిపిన ఐసోప్రొపనాల్‌తో వాటిని కరిగించి 570 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత చిక్కగా ఉందో రీడింగ్ తీస్తారు. మందు పరీక్షించే ప్రతి ల్యాబుకూ ఇది కావాలి, అందుకే ఉదహరిస్తారు. ఆలోచనకన్నా పనిముట్టుకే సైటేషన్లెక్కువ. మన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో 1925లో రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కూడా దశాబ్దాలపాటు ఇలాగే పేరు మోసింది.

దీనికి తలకిందులు కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్‌ల 2005 పేపర్. ఆర్‌ఎన్‌ఏలో యూరిడిన్ బదులు సూడోయూరిడిన్ పెడితే రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా చూడదన్నది ‘ఇమ్యూనిటీ’ జర్నల్‌లో వచ్చినప్పుడు పెద్ద సందడి లేదు. కోవిడ్ టీకాల తర్వాత సైటేషన్లు ఒక్కసారిగా పెరిగాయి, 2023లో నోబెల్ వచ్చింది. 2010లో ఎవరైనా ఆ ఇద్దరి సైటేషన్ల రికార్డు తిరగేసి ఉంటే ఏం తేల్చేవారో ఊహించుకోవచ్చు.

ఇక రికార్డు చదివేవాళ్లు ముందు చూడాల్సింది డేటాబేస్. గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ ప్రీప్రింట్లూ (జర్నల్ పరిశీలన కాకముందే బయటపెట్టిన పేపర్లు) లెక్కేస్తుంది కాబట్టి అంకె ఎక్కువ వస్తుంది. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ తక్కువ చూపిస్తాయి. తర్వాత రివ్యూ ఆర్టికల్స్ (ఇతరుల పరిశోధనను క్రోడీకరించేవి) ఎన్ని, సొంత సైటేషన్లు (తన పేపర్లను తానే ఉదహరించుకున్నవి) ఎన్ని అన్నవి విడదీయాలి.

తెలుగువాళ్లకు పేర్ల తలనొప్పి అదనం. ఇంటిపేరు ముందు పొడి అక్షరాల్లో ఉంటుంది, చివర రెడ్డో రావో. దాంతో వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో ‘రెడ్డి కె’ అని వెతికితే ఎందరో ఒకటైపోతారు. ఒకే మనిషి ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరాలు రాస్తే ఇద్దరవుతారు. పరిశోధకుడికి ఒక్కడికే చెందేలా ఇచ్చే, 2012లో మొదలైన ఓర్కిడ్ 16 అంకెల నంబరు ఇందుకే. అది తీసుకున్నా పాత పేపర్లు వాటంతటవే వచ్చి చేరవు, చూసి కలుపుకోవాలి. చీలిన ప్రొఫైళ్ల హెచ్‌లు 9, 7 అయితే మొత్తం 16 అని రాసేస్తుంటారు. అది తప్పు, పేపర్లన్నీ ఒకే వరసలో పెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కించాలి.