పరవాడ నీళ్ల గొడవ: అసలు మలుపు 1980లోనే

పరవాడ ఫార్మా సిటీ వ్యర్థ జలాల గొడవ మళ్లీ రేగింది. ఎవరి భూములు పోయాయి, సముద్రంలోకి పైపు ఎందుకు వేశారు అన్నవి విశాఖలో అందరికీ తెలిసిన సంగతులే. కంపెనీల జవాబూ పాతదే: శుద్ధి చేశాకే, పరిమితులకు లోబడే వదులుతున్నాం; యాంటీబయాటిక్ ఆనవాళ్లు మిగిలినా బ్యాక్టీరియాను చంపేంత మోతాదులో ఉండవు.

ఈ రెండో మాట దగ్గర ఆగాలి. చంపని మోతాదు కూడా బ్యాక్టీరియాను మారుస్తుంది, ఆ కథ 1980లో మొదలైంది. (మొదటిదానికి జవాబుగా హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ఉంది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థ జలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు.)

1980కి ముందు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియాలోకి అసలు మందే సరిగా పోవడం లేదని అనుకునేవారు. ఆ ఏడాది అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీకి చెందిన స్టువర్ట్ లెవీ బృందం దాని కణపొరను తిరగేసి, లోపలి వైపు బయటికి ఉండేలా చిన్న బుడగలు చేసింది. ఆ బుడగలు మందును లోపలికి లాక్కున్నాయి. అంటే మామూలు కణంలో ఆ పొర మందును బయటికి నెడుతోందన్నమాట. మందు వస్తూనే ఉంటుంది. చిల్లుపడ్డ పడవలో నీళ్లు తోడినట్టు, పొరలోని ప్రోటీన్ పంపు దాన్ని తోడేస్తుంటుంది.

ఆ పంపు ఎప్పుడు మొదలవుతుందన్నది ఇంకా ముఖ్యం. ఊరికే నడిపితే కణానికి దండగ. అందుకే మందు లేనంతసేపూ టెట్‌ఆర్ అనే ప్రోటీన్ ఆ పంపును తయారుచేసే జన్యువును ఆపి ఉంచుతుంది. కాస్త టెట్రాసైక్లిన్ తగిలితే చాలు, టెట్‌ఆర్ పక్కకు తప్పుకుంటుంది, పంపు తయారవుతుంది. మందు తాను దెబ్బకొట్టాల్సిన, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ కంటే టెట్‌ఆర్‌నే ఎంతో గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కణానికి దెబ్బ తగిలేలోపే పని అయిపోతుంది. పైగా ఈ జన్యువులు ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్ఏ వలయాల మీదెక్కి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకుతాయి.

2011లో స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ పరిశోధకులు మందుకు లొంగేవాటినీ లొంగనివాటినీ కలిపి పెంచారు. పెరుగుదలను ఆపే మోతాదుకు ఎన్నో రెట్లు తక్కువలోనూ లొంగనివే పైచేయి సాధించాయి. కొన్ని మందుల్లో ఆ తేడా వందల రెట్లు. చంపని మోతాదు కదా, ఏమవుతుందిలే అనడానికి ఆ తర్వాత వీల్లేదు.

ఢిల్లీకీ ఇది తెలుసు. వ్యర్థ జలాల్లో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతామని కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరి ముసాయిదాలో చెప్పింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ జాబితా లేదు. కాబట్టి 'పరిమితులకు లోబడే వదులుతున్నాం' అన్న జవాబు బీఓడీ, సీఓడీ (నీటిలోని కాలుష్యం ఎంత ఆక్సిజన్‌ను వాడుకుంటుందో చెప్పే కొలతలు) లాంటి వాటికి సరిపోవచ్చు. యాంటీబయాటిక్‌ల దగ్గర లోబడడానికి ఆ నిబంధనల్లో అంకే లేదు.